మర్యాద సోదా

గరువుపేట పోలీసులకు జిల్లా అంతటా పేరు రావడానికి మూలం ఒక ఆవకాయ జాడీ.

గుట్కా మూటలు దాచారని కబురొచ్చిన ఇంటికి వెళ్ళబోయి పోలీసులు దాని పక్కింట్లో దూరారు. అది పౌరనీతి పాఠాలు చెప్పి రిటైరైన లెక్చరర్ గారిల్లు. పరుపులు కోసి దూది పీకారు. బీరువా బోర్లించారు. వంటింట్లో జాడీ మూత పగలగొట్టి, ఆవకాయలో చెయ్యి పెట్టి అడుగుదాకా దేవారు. ఆ చెయ్యి హెడ్ కానిస్టేబుల్ సన్యాసిరావుది. మంట మర్నాటిదాకా తగ్గలేదు.

లెక్చరర్ గారు కోర్టుకెక్కారు. కోర్టువారు అంతా విని, "సోదా చేసే అధికారం పోలీసులకుంది. తన ఇంట్లో తాను మర్యాదగా బతికే హక్కు మనిషికుంది. రెంటినీ సమతూకంలో ఉంచుకోండి" అని మందలించి వదిలేశారు.

కోర్టులు ఇలాంటి మాటలు అంటూనే ఉంటాయి, పోలీసులు తలూపుతూనే ఉంటారు. కానీ డీఎస్పీ ఉదయభాస్కర్ గారు విన్నమాట విన్నట్టు ఊరుకునే మనిషి కాదు. సివిల్స్ రాసి రెండు మార్కుల్లో పోగొట్టుకున్నాడు. ఆ రెండు మార్కులూ ఎప్పటికైనా ఈ ఊరి మీద రాబట్టుకోవాలని ఆయన పట్టుదల. స్టేషన్ ఆవరణలో సిబ్బందిని వరుసగా నిలబెట్టాడు.

"సమతూకం!" అన్నాడు. "ఇప్పటివరకూ మనం పౌరుడి గృహం నుంచి తీసుకొని రావడమే గాని, గృహానికి ఇచ్చింది లేదు. ఇకమీదట అధికార వినియోగమూ హక్కుల పరిరక్షణా ఏకకాలంలో, ఒకే చేతుల మీదుగా జరగవలెను. సోదా జరిగిన గృహం, సోదాకు పూర్వం ఉన్న స్థితి కంటె మెరుగైన స్థితిలో ఉండవలెను. దీనికి 'మర్యాద సోదా' అని నామకరణం చేస్తున్నాను."

ఎస్సై కిరీటి కుర్రవాడు, సందేహాలు దాచుకునే అలవాటు ఇంకా పడలేదు. "మెరుగైన స్థితి అంటే ఏం చెయ్యాలి సార్?"

"చీపురు పట్టవలెను" అన్నాడు డీఎస్పీ.

మొదటి మర్యాద సోదా నాటుసారా కాసే పోతురాజు ఇంట్లో జరిగింది. నాలుగు క్యాన్లు దొరికాయి. పోతురాజుని జీపెక్కించాక సిబ్బంది లోపలికి తిరిగొచ్చి బూజు దులిపారు, గిన్నెలు తోమారు, చిల్లుపడ్డ రేకు మీద తారు ముద్ద వేశారు. సన్యాసిరావు స్టూలెక్కి ఫ్యాను రెక్కలు తుడిచాడు. ఆ ఫ్యాను రంగు నీలమని ఇంట్లోవాళ్ళకి ఆ రోజే తెలిసింది. పోతురాజు భార్య గుమ్మంలో నిలబడి అంతా చూసింది. జీపు కదులుతుంటే వెనకాల పరుగెత్తుకొచ్చింది. మొగుణ్ణి వదిలెయ్యమని బతిమాలుతుందనుకున్నారు.

"మళ్ళీ ఎప్పుడొస్తారు బాబూ?" అనడిగింది.

ఆ మాట వీధి దాటడానికి ఎంతోసేపు పట్టలేదు. రెండోవారం నుంచి స్టేషన్‌కి ఫోన్లు మొదలయ్యాయి. ఫోన్ ఎత్తే పని సన్యాసిరావుది.

"మా అటక మీద ఏదో అనుమానంగా ఉందండి."

"ఏముందమ్మా?"

"ఎక్కి దులిపితే గాని తెలీదు కదండీ."

ఇంకొకాయన తన మీద తనే ఆకాశరామన్న ఫిర్యాదు చేసుకున్నాడు. నీళ్ళ ట్యాంకులో మారణాయుధాలున్నాయన్నాడు. ట్యాంకులో నాచు తప్ప ఏమీ లేదు. నాచంతా గీకేదాకా ఆయన కింద నిలబడి, "ఆ మూల చూశారా? నాకు ఆ మూల మీదే అనుమానం" అని చెబుతూనే ఉన్నాడు. ఉగాది దగ్గరపడేసరికి అనుమానాలు ఊరంతా ముసురుకున్నాయి. సున్నం వేయించుకోవాలనుకున్నవాళ్ళందరికీ ఇంట్లో గంజాయి వాసన వచ్చింది.

సోదా అంటే తలవంపులనే రోజులు పోయాయి. సోదా రాకపోతేనే తలవంపులు. ఆరో వార్డు కౌన్సిలరు స్టేషన్‌కొచ్చి బల్ల గుద్దాడు: "మా వెనకింటివాళ్ళకి రెండుసార్లు సోదా చేశారు. మేమేం పాపం చేశాం?" పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళకి పిల్ల తండ్రి కాఫీ అందిస్తూ, "మొన్ననే సోదా అయిందండీ" అని గోడల వైపు చూపించేవాడు. ఈ మధ్యలో తన మోటార్‌సైకిల్ పోయిందని ఒకతను ఫిర్యాదు తెచ్చాడు. స్టేషన్లో అతని మాట వినడానికి మనిషి లేడు. అందరూ కిరాణావీధిలో కిటికీలు కడుగుతున్నారు.

సన్యాసిరావుకి ఈ పని బాగానే ఉంది. వెనకటికి అతను వీధిలోకి అడుగుపెడితే తలుపులు మూసుకునేవి. ఇప్పుడు తెరుచుకుంటున్నాయి. 'రండి బాబూ' అంటున్నారు, టీ ఇస్తున్నారు. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఎవరూ అతనికి కుర్చీ తుడిచి వెయ్యలేదు. అయితే తుడిచే చేతికి అన్నీ తగులుతాయి. మందులషాపు అవతారం గారికి షుగరు, మంచం కింద పూతరేకుల డబ్బా. పంతులమ్మ గారి బియ్యం డబ్బాలో రెండో ఫోను. రైల్వే గుమాస్తా బీరువాలో విప్పని విడాకుల నోటీసు. దొరికినదేదీ నేరం కాదు. నేరం కానివన్నీ సిబ్బంది శుభ్రంగా తుడిచి, వరుసగా, అందరికీ కనపడేలా సర్దిపెట్టి వచ్చేవారు. సాయంత్రానికి టీకొట్టు దగ్గర ఊరంతటికీ తెలిసేది. అవతారం గారి భార్య రెండ్రోజులు అన్నం పెట్టలేదు. అయినా ఆయన పోలీసుల్ని ఒక్కమాట అనలేదు. "పోనీలెండి, ఇల్లు అద్దంలా ఉంది" అన్నాడు.

డీఎస్పీకి ఉత్సాహం పెరిగింది. "సమ్మతి ఉన్నచోట వారంటుతో పని లేదు. కారణంతోనూ పని లేదు. గృహస్థుడు తలుపు తీయడమే సమ్మతిగా పరిగణించబడును. ఒకసారి ఇచ్చిన సమ్మతిని ఉపసంహరించుకొనుటకు వీలు లేదు" అని ఉత్తర్వు వేశాడు. వీధుల వారీగా సోదాలు మొదలుపెట్టించాడు. గరువుపేటను రాష్ట్రంలోనే తొలి 'సంపూర్ణ సమ్మతి పట్టణం'గా ప్రకటిస్తామని పైకి రాశాడు. పైనుంచి పెద్ద అధికారి స్వయంగా వస్తానన్నారు.

ఊరంతా తలుపులు తీసింది. సాలివీధి చివరిల్లు తప్ప.

ఆ ఇల్లు మాణిక్యాంబ గారిది. వెనకటి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. ట్రంకుకాల్ బుక్ చేసుకుని కూర్చునే కాలంలో ఈ ఊళ్ళో చావులూ పెళ్ళిళ్ళూ అప్పులూ అలకలూ అన్నీ ఆవిడ చెవిమీదుగానే వెళ్ళాయి. పెళ్ళి చేసుకోలేదు, ఒక్కతే ఉంటుంది. సోదా జట్టు వెళ్ళి బకెట్లతో వాకిట్లో నిలబడితే కిటికీలోంచి మాట్లాడింది.

"ఎందుకు నాయనా?"

"ఊరికేనమ్మా. ఇల్లు చూసి, శుభ్రం చేసి పోతాం" అన్నాడు కిరీటి.

"శుభ్రంగానే ఉంది."

"ఒకసారి చూస్తే..."

"చూడ్డం ఎందుకు, చెప్పాగా."

"అమ్మా, ఏమీ లేకపోతే చూపించడానికేం?"

"ఏమీ లేదు కాబట్టే. లేనిదాన్ని చూపించడం నా వల్ల కాదు" అని ఆవిడ కిటికీ వేసేసింది.

ఆ సాయంత్రం స్టేషన్లో ఆ ఇంటిమీదే చర్చ. ఊరు ఊరంతా రమ్మంటుంటే ఒక్కావిడ వద్దంటోందంటే ఏదో పెద్దదే ఉండాలన్నాడు కిరీటి. సన్యాసిరావు కూడా తలూపాడు. అతనికీ అలాగే తోచింది. లేకపోతే బూజు దులుపుతామంటే కాదనేదెవరు?

డీఎస్పీ కిరీటిని మేజిస్ట్రేటు గారి దగ్గరికి వారంటుకి పంపాడు. మేజిస్ట్రేటు గారు కళ్ళజోడు సవరించుకుని, "అనుమానానికి ఆధారం ఏమిటి?" అన్నారు.

"అడిగితే ఒప్పుకోలేదండి."

"వద్దన్నదని వారంటు ఇచ్చేట్టయితే, ఆవిణ్ణి అడగడం దేనికయ్యా?"

కిరీటి ఈ ప్రశ్నను జాగ్రత్తగా మోసుకొచ్చి డీఎస్పీ గారికి అప్పగించాడు. డీఎస్పీ, "న్యాయవ్యవస్థ ఇంకా పాత స్థితిలోనే ఉన్నది" అన్నాడు.

ఇలా ఉండగా ఒక ఆదివారం సన్యాసిరావు ఇంట్లోనే గొడవ మొదలైంది. అతని భార్య పైడితల్లి చేతిలో గరిటె పట్టుకుని వంటింట్లోంచి వచ్చింది.

"ఊరందరి అటకలూ దులుపుతున్నారు. మన అటక మీద ఏటుందో ఒక్కనాడైనా సూసారా?"

"రేపు చూస్తాలే."

"ఈ రేపు నాను పెళ్ళయిన కాణ్ణుంచీ వింటన్నాను."

మర్నాడు సన్యాసిరావు కోర్టు డ్యూటీలో ఉండగా స్టేషన్‌కి ఒక ఫోనొచ్చింది. పోలీసు క్వార్టర్స్‌లో ఫలానా ఇంటి అటక మీద ఏదో అనుమానంగా ఉందని ఒక ఆడగొంతు. సన్యాసిరావు ఇంటికొచ్చేసరికి వాకిట్లో జీపుంది. లోపల కొత్త సున్నం వాసన. ముందుగదిలో సహోద్యోగులు నలుగురు నేలమీద గుండ్రంగా కూర్చుని ఉన్నారు. వాళ్ళ మధ్యలో రేకు పట్టాల మీద ఒక చిన్న రైలు తిరుగుతోంది.

ఎర్ర ఇంజను, మూడు పెట్టెలు. కీ ఇస్తే తిరిగేది. మూడేళ్ళ కిందట విశాఖ ఎగ్జిబిషన్లో మనవడి కోసం కొన్నాడు. ఇంటికొచ్చి, బాగుందో లేదో చూద్దామని ఒకసారి నడిపాడు. ఆ తర్వాత ఇవ్వబుద్ధి కాలేదు. ఎగ్జిబిషన్ మూసేశారని కూతురికి చెప్పాడు. మనవడికి బంతి కొనిచ్చాడు. ఆదివారం మధ్యాహ్నం పైడితల్లి భజనకి వెళ్ళాక తలుపేసుకుని, అటక మీంచి దించి, నేలమీద బోర్లా పడుకుని రైలుని కళ్ళెత్తు నుంచి చూసుకునేవాడు. అలా చూస్తే నిజం రైల్లాగే ఉండేది. ఆ కాసేపూ ఎవరికీ శాల్యూట్ కొట్టనక్కర్లేదు.

"హెడ్డు గారూ, కీ ఇస్తే ఎంతసేపు తిరుగుతుందండీ?" అనడిగాడు ఒకడు నవ్వాపుకుంటూ.

పైడితల్లి గోడకానుకుని నిలబడి ఉంది. నవ్వడం లేదు. "పిల్లడికి దొరకలేదన్నారు గదా" అంది.

సన్యాసిరావుకి చెప్పడానికి నేరమేదీ లేదు. దొంగసొత్తయితే ఎక్కడిదో చెప్పొచ్చు. మర్నాడు స్టేషన్లో అతను రాగానే ఎవరో విజిలేశారు. ఇంకెవరో ఆకుపచ్చ చేతిరుమాలు ఊపారు. రెండోరోజుకి సాలివీధి పిల్లలకీ తెలిసిపోయింది. పైడితల్లి కోపం రెండ్రోజుల్లో చల్లారింది. రైల్ని శుభ్రంగా తుడిచి, అద్దాల షోకేసులో ముందు వరసలో పెట్టింది. "మీకిష్టమైతే మాకేటి, తిప్పుకోండి" అంది కూడా. సన్యాసిరావు దాన్ని మళ్ళీ ముట్టుకోలేదు. జనం చూస్తుండగా తిప్పుకుంటే అది ఉత్త బొమ్మే.

ఆ వారంలోనే డీఎస్పీ అతన్ని పిలిచాడు.

"హెడ్డూ, నువ్వు సీనియరువి. మాణిక్యాంబ ఇంటి ఎదట కూర్చో. ఆవిడ స్వచ్ఛందంగా సమ్మతించేవరకూ కదలవద్దు. ఎవరొస్తున్నారు, ఏం తెస్తున్నారు, అన్నీ గమనించు."

"స్వచ్ఛందంగా అంటే సార్?"

"ఆవిడకి విసుగు పుట్టేవరకు."

సన్యాసిరావు వీధికి అవతల నీడలో స్టూలేసుకున్నాడు. మొదటిరోజు ఆవిడ కిటికీ తెరవలేదు. రెండోరోజు ఎండ మాడిపోతుంటే కిటికీ రెక్క కాస్త కదిలింది.

"నువ్వేనా, ఆవకాయలో చెయ్యి పెట్టింది?"

"నేనేనండి."

"రైలు కూడా నీదేనటగా?"

సన్యాసిరావు తల దించుకున్నాడు. ఆవిడ నవ్వుతుందనుకున్నాడు. ఆవిడ నవ్వలేదు.

"పాపం, ఎందుకు బయటపెట్టారో" అంది. "నా ఉద్యోగంలో రోజంతా హెడ్‌ఫోను చెవికి తగిలించుకుని కూర్చునేదాన్ని. లైను కలిపాక వినకూడదు. అయినా ఒక్కోసారి రెండు ముక్కలు పడేవి. మొగుడు పెళ్ళాన్ని బతిమాలుతూ ఉంటాడు, ఊళ్ళో పెద్దమనిషి ఏడుస్తూ ఉంటాడు. మర్నాడు బజార్లో కనపడితే నాకు ఏమీ తెలీనట్టు నమస్కారం పెట్టాలి. అది చాలా కష్టమైన పని నాయనా. వాళ్ళ కోసం నేను అంత కష్టపడ్డాను. నా కోసం ఎవరైనా ఆ మాత్రం కష్టపడాలా వద్దా?"

"పడాలండి" అన్నాడు సన్యాసిరావు.

"ఇంతకీ లోపల ఏముందనుకుంటున్నారు మీవాళ్ళు?"

"ఒక్కొక్కరూ ఒక్కోటి అంటున్నారండి. ఎస్సై గారు తుపాకులంటున్నారు."

"నువ్వేమనుకుంటున్నావు?"

సన్యాసిరావు స్టూలు మీద సర్దుకుని కూర్చున్నాడు. "నేను అనుకోవడం మానేశానండి" అన్నాడు.

కిటికీ రెక్క మూసుకుంది. తర్వాత గడియ తీసిన చప్పుడైంది. తలుపు తెరుచుకుంది. మాణిక్యాంబ గారు గుమ్మం దాటి, వీధి దాటి వచ్చి, అతని చేతికి మజ్జిగ గ్లాసిచ్చింది. అల్లం, కరివేపాకు, ఉప్పు సరిపోయాయి. ఆవిడ వెళ్ళి మళ్ళీ తలుపేసుకుంది. ఆ వేళప్పుడు వీధిలో ఇంకెవరూ లేరు. సన్యాసిరావు ఖాళీ గ్లాసు స్టూలు పక్కన పెట్టి, కళ్ళు మూసుకుని కాసేపు కునుకు తీశాడు.

కళ్ళు తెరిచేసరికి ఎదురుగా కిరీటి. అతని చేతిలో గ్లాసు.

ఇంకో గంటకి డీఎస్పీ దిగాడు. వెనకే రెండు జీపులు, విలేకరులు, ఫొటోగ్రాఫరు. పెద్ద అధికారి మర్నాడు వస్తానన్నవారు ఆ సాయంత్రమే వచ్చేస్తున్నారట. ఊళ్ళో మిగిలింది ఈ ఒక్క ఇల్లే. వీధివాళ్ళంతా అరుగుల మీదికొచ్చారు. కిటికీ అడ్డ ఊచల వెనక మాణిక్యాంబ గారు నిలబడి ఉంది. చేతులు ఊచల్ని గట్టిగా పట్టుకుని ఉన్నాయి.

డీఎస్పీ గ్లాసు పైకెత్తి అందరికీ చూపించాడు. "ఇది నీదేనా హెడ్డూ?"

"కాదు సార్. అమ్మగారిది."

"మజ్జిగ ఇచ్చారు?"

"ఇచ్చారు సార్."

"ఇవ్వవలెనంటే తలుపు తీసి ఉండవలెను. తలుపు తీయడమే సమ్మతి." డీఎస్పీ విలేకరుల వైపు తిరిగాడు. "ప్రజలు ప్రేమతో ఇచ్చే సమ్మతి ఇలాగే ఉంటుంది. పానీయ రూపంలో." సిబ్బందికి సైగ చేశాడు. బకెట్లు కిందికి దిగాయి. ఒకడు గొళ్ళెం మీద చెయ్యి వేశాడు. "సాక్షిగా నువ్వు ఒక్కమాట చెబితే చాలు హెడ్డూ. ఆమె తలుపు తీసిందా?"

సన్యాసిరావు కిటికీ వైపు చూశాడు. ఆవిడ కళ్ళతో కూడా ఏమీ అడగలేదు.

"లేదు సార్" అన్నాడు సన్యాసిరావు. "కిటికీలోంచి ఇచ్చారు."

డీఎస్పీ ముఖం మీద నవ్వు అలాగే ఆగిపోయింది. గ్లాసు వైపు చూశాడు. కిటికీ ఊచల వైపు చూశాడు. "పట్టదు" అన్నాడు.

"పడుతుంది సార్."

"కిరీటీ, పరీక్షించు."

వీధంతా చూస్తుండగా కిరీటి గ్లాసుని నిలువుగా దూర్చబోయాడు. పట్టలేదు. కిరీటి గ్లాసుని పక్కకి వాల్చి మెల్లగా తోశాడు. అంచు ఊచకి రాసుకుని కిర్రుమంది. దూరింది.

"అలా వాలిస్తే మజ్జిగ ఒలికిపోదూ?" అన్నాడు డీఎస్పీ.

"కొంచెం ఒలికింది సార్" అన్నాడు సన్యాసిరావు.

అరుగు మీద ఎవరో కిసుక్కుమన్నారు. డీఎస్పీ గడియారం చూసుకున్నాడు. పెద్ద అధికారి కారు ఊరి పొలిమేర దాటిందని వైర్‌లెస్సులో వినపడింది. డీఎస్పీ కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి ముఖం వెలిగిపోయింది.

"కిటికీ తెరిచి ఉన్నది. అనగా పాక్షిక సమ్మతి. పాక్షిక సమ్మతికి పాక్షిక మర్యాద సోదా."

నలుగురు కానిస్టేబుళ్ళు కిటికీ మీద పడ్డారు. ఊచలు ఒక్కొక్కటే సబ్బుతో తోమారు. ఊచల్లోంచి చేతులు మోచేతిదాకా లోపలికి పెట్టి, అందినంతమేర గోడ తుడిచారు. మాణిక్యాంబ గారు ఆ చేతులకి అందనంత దూరంలో కుర్చీ వేసుకుని కూర్చుంది. ఫొటోలు తీశారు. పెద్ద అధికారి వచ్చి మెరుస్తున్న ఊచల్ని వేలితో తాకి చూశారు. గరువుపేటను సంపూర్ణ సమ్మతి పట్టణంగా ప్రకటించారు. ఈ పద్ధతిని అన్ని పట్టణాలకూ విస్తరిస్తామని, డీఎస్పీ గారి సేవలు రాజధానిలో అవసరమని చెప్పారు. చప్పట్లు మోగాయి. అతను చెప్పింది అబద్ధమని తెలిసినా తెలియకపోయినా, సన్యాసిరావుని మాత్రం మర్నాటినుంచి బస్టాండు జంక్షన్లో ట్రాఫిక్‌కి వేశారు.

అందరూ వెళ్ళిపోయాక అతను స్టూలు చంకన పెట్టుకుని బయల్దేరబోయాడు. అతని వెనక ఆ ఇంటి తలుపు తెరుచుకుంది.

"ఆగు నాయనా" అంది మాణిక్యాంబ గారు. "అంతమందిలో అబద్ధం ఎలా ఆడావు? తొణకలేదు కూడా."

సన్యాసిరావు కాస్త సిగ్గుపడ్డాడు.

"సర్వీసులో అలవాటేనండి" అన్నాడు. "కాకపోతే, అవతలివాళ్ళ వైపు నుంచి ఆడడం ఇదే మొదలు."

ఆవిడ పెద్దగా నవ్వింది. నవ్వుతూనే తలుపు బార్లా తీసి, "లోపలికి రా, కాస్త మజ్జిగ తాగి వెళ్ళు" అంది.

సన్యాసిరావు గుమ్మం దాకా వెళ్ళాడు. టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. లోపలికి చూడకుండా వీధి వైపు తిరిగి మెట్టు మీద కూర్చున్నాడు.

"ఇక్కడికే ఇప్పించండమ్మా" అన్నాడు.